మా వెనక గది భయ్యా

మా ఇంటి వెనక గదిలో కిరాయికుండే భయ్యా చనిపోయాడు. పోయిన వారం మధ్యాహ్నం నేను జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుండగా, ఆయనతో పాటు రైసుమిల్లులో పనిచేసే హమాలీ వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. "అక్కా, పేర్చిన బస్తాలు కూలినయ్. భయ్యా వాటి కింద పడ్డడు. ఇగ లేడు" అన్నాడు.

మర్నాడు పేపర్లో రెండు ముక్కలు వేశారు, బిహార్ కూలీ మృతి అని. మిర్యాలగూడలో ఇన్నేళ్లు మన బియ్యం మోసిన మనిషికి ఆ మాత్రం చాలనుకున్నారు కాబోలు. నాకు చాలలేదు. అందుకే రాస్తున్నాను.

భయ్యా ఒక్కడే రాలేదు, వెంట ఛోటేను తెచ్చుకున్నాడు. ఛోటే అంటే చిన్నోడని అర్థం గానీ, మా వీధిలో అంత భారీ మనిషి లేడు. వయసు ముప్పై దాటినా మనసు పసిపిల్లాడిది. వాళ్లకు రక్తసంబంధం లేదు, ఒక ఊరివాళ్లు, అంతే. ఛోటే తల్లి పోయాక, వాడికి దిక్కెవరూ లేరని భయ్యా తనతో రైలెక్కించాడు. మొదట మఠంపల్లి వైపు రాళ్ల క్వారీలో పనికి కుదిరారు. అక్కడి మేస్త్రీ ఛోటేను కర్రతో కొట్టిన పూటే పని వదిలేసి ఇద్దరూ మా ఊరి బస్సెక్కారు, ఇక్కడి రైసుమిల్లులో హమాలీలుగా చేరారు.

"ఒక్కనివైతే ఇంకా మంచి పని దొరుకుతుండె గదా?" అని ఒకసారి అడిగాను.

రొట్టెల పిండి పిసుకుతూనే భయ్యా నవ్వాడు. "దొరుకుతది అక్కా. గానీ సాయంత్రం రూముకొస్తె మాట్లాడనీకి ఎవరుంటరు?"

ఆదివారాలు మా నల్లా దగ్గర ఛోటేను కూర్చోబెట్టి గడ్డం గీసేవాడు. "కదలకు, హీరో లెక్క అయితవ్" అంటే వాడు ఊపిరి కూడా బిగబట్టేవాడు.

ఒక బతుకమ్మ రోజు ఛోటే మా ఆడవాళ్ల మధ్యకొచ్చి చప్పట్లు కొడుతూ తిరిగాడు. ఎవరినీ తాకలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. అయినా వీధి మగవాళ్లు మీదికి ఉరికారు. భయ్యా అడ్డం వచ్చి నిలబడ్డాడు. "కొట్టాలంటె నన్ను కొట్టుండ్రి సాబ్. ఎందుకు కొడుతుండ్రో వానికి తెల్వది. నాకు తెలుస్తది." అప్పుడు మా అత్తమ్మ ఛోటే చెయ్యి పట్టుకుని మళ్లీ వలయంలోకి లాక్కొచ్చింది. మగవాళ్లు వెనక్కి తగ్గారు.

అలాంటి మనిషి చావును కూడా మిల్లు సూపర్‌వైజర్ ఛోటే నెత్తిన రుద్దబోయాడు. దవాఖాన ముందు అందరికీ వినపడేలా అన్నాడు: "ఆ పిచ్చోడే కింది బస్తా గుంజిండు. తప్పు చెయ్యకుంటె ఎందుకు పారిపోయిండు?"

బస్తాలు ఒరిగి ఉన్నాయని పొద్దున్నే చెప్పింది భయ్యానే. నీ పని నువ్వు చూసుకోమని కసిరింది ఈ పెద్దమనిషే. ఆ మాట విని నాకు చెప్పిన హమాలీలు నా పక్కనే తలలు వంచుకుని ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఛోటే సాయంత్రానికి కోదాడ రోడ్డు మీద దొరికాడు. కాళ్లు బొబ్బలెక్కినా ఇంకా నడుస్తూనే ఉన్నాడట. పోలీస్ స్టేషన్లో ఎస్సై ముందే అడిగాను: "ఎందుకు పోయినవ్ రా?"

"భయ్యా నన్ను నూకిండు. పో, పో అన్నడు." వాడు నా మొహంలోకి చూశాడు. "ఆగు అనలే."

అది విని, మాతో వచ్చిన ఒక హమాలీ లేచి, పొద్దున జరిగిందంతా చెప్పాడు. తర్వాత ఇంకొకడు. సూపర్‌వైజర్ మీద కేసు రాశారు. అది నిలబడుతుందో, ఎవరైనా వచ్చి నొక్కేస్తారో నాకు తెలియదు. సాక్షిగా పిలిస్తే మాత్రం పనంతా పక్కన పెట్టి పోతాను.

ఊరి నుంచి భయ్యా భార్య ఫోన్ చేసింది. ఏడుస్తూనే, ఛోటేను కూడా పంపమంది. "మా మరిదే కదా" అంది.

శవపేటికతో అంబులెన్స్ మా వీధి మీదుగానే వెళ్లింది. ఛోటే లోపల పెట్టె పక్కన కూర్చున్నాడు. మలుపులో స్పీడ్ బ్రేకర్ వచ్చేసరికి, పెట్టె కదలకుండా రెండు చేతులూ దాని చుట్టూ వేసి, గట్టిగా పట్టుకున్నాడు.