అందరి ఓటీపీలూ మామ ఫోన్‌కే

మామ పోయాడన్న కబురు అక్క ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే, నేనింకా చాయ్ తాగుతున్నాను. "తమ్మీ, మామ పోయిండు. స్నానానికని లేసి గుండె పట్టుకొని కూసున్నడంట. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది" అంది. ఏడ్చింది. కాసేపు ఆగి, ముక్కు చీదుకుని, "నా రిటర్న్ ఇంక ఎయ్యలేదురా" అంది. ఆ వెంటనే, "థూ, నా నోరు పడ. ఇప్పుడే యాద్ రావాల్నా అది" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రెండు మాటలూ ఒకే ఫోన్‌లో ఎందుకు వచ్చాయో చెబితేనే మామ ఎవరో తెలుస్తుంది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. షోలాపూర్ భవాని పేట్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లకు, నూలు దుకాణాల గుమస్తాలకు, చిన్నాచితకా టవళ్ల వ్యాపారులకు ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు రాసి పెట్టేవాడు. సీఏ చదవలేదు. ఒక నూలు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తూ ఆ పని నేర్చుకున్నాడు. ఆ వ్యాపారి దుకాణం ఎత్తేశాక ఇంటి ముందు గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటర్ పెట్టుకున్నాడు. వయసులో ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా "మామా" అనే పిలిచేవారు.

అక్క ఆ ఊళ్లోనే నీలం నగర్‌లో ఉంటుంది. బావ నడుము దెబ్బతిన్నాక ఇంటి సాంచాలన్నీ ఆమే నడిపిస్తోంది. టవళ్లు నేసి వ్యాపారికి ఇస్తుంది, ఆయన కూలి లెక్కగట్టి బ్యాంకులో వేస్తాడు. సాంచాలు ఆమెవే గాని అవి నిలబడిన కార్ఖానా కిరాయిది. దాన్ని యజమాని అమ్మకానికి పెట్టాడు. "ముందు నిన్నే అడుగుతున్న. నెలాఖరు దాక ఆగుత. తర్వాత గోదాం పెట్టెటోడు తయారుగున్నడు" అన్నాడు. బ్యాంకు అప్పు ఇవ్వడానికి దాదాపు ఒప్పుకుంది, ఈ ఏడాది రిటర్ను వేసిన రసీదు ఒక్కటి తెమ్మంది. రిటర్ను గడువు దాటితే జరిమానా కట్టి వేసుకోవచ్చు. యజమాని మాత్రం ఆగడు. గోదాం వచ్చిందంటే సాంచాలు ఊడదీసి పెట్టుకోవడానికి అక్కకు వేరే చోటు లేదు. పాత ఇనుము ధరకు అమ్ముకోవలసిందే.

ఆ వారంలోనే రమ్మని మామ ఆమెకు చెప్పి ఉన్నాడు.

ఆయన గదిలో కుర్చీలు రెండే. ఒకటి తనకు, రెండోది రిటర్ను ఎవరిదైతే వాళ్లకు. తోడు వచ్చినవాళ్లు గడప మీద కూర్చోవాలి. భార్య కాగితాలు పట్టుకొని భర్త వస్తే తిప్పి పంపేవాడు. "పాన్ కార్డు మీద ఎవరి ఫొటో ఉన్నది? ఆమెను రమ్మను." కూలికి వెళ్లేవాళ్లు ఒక పూట పని పోతుందని విసుక్కునేవారు. ఆయన వినేవాడు కాదు.

అంకెలన్నీ తనే నింపేవాడు. నింపాక కుర్చీ వెనక్కి లాగి, "నేను రాసిన. ఇగ నువ్వు చదువు" అనేవాడు. చదవడం రానివాళ్లకు ఒక్కో వరుస తాను చదివి, దాని అర్థమేమిటో వాళ్ల నోటితో చెప్పించుకునేవాడు. చెప్పలేకపోతే మళ్లీ మొదటికి. చివరి బటన్ మాత్రం ఎవరి రిటర్ను వాళ్లే నొక్కాలి. మౌస్ పట్టుకోవడానికి భయపడిన ఒక ముసలామె, "నువ్వే కొట్టు కొడకా, కరెంట్ కొడ్తదేమో" అంటే, "నాకు కొడ్తె పర్వాలేదా?" అని నవ్వి, ఆమె వేలు మౌస్ మీద పెట్టించాడు.

ఒకరోజు నేనక్కడ ఉండగా ఒక నేతగాడు నోటీసు పట్టుకొని వచ్చాడు. ముందటి ఏడాది మామ దగ్గరికి రాకుండా, పెద్ద రోడ్డు మీద ఎవరో కట్టిన పన్ను వాపసు ఇప్పిస్తానంటే అక్కడ రాయించుకున్నాడు. మామ అది చదివి తల ఎత్తాడు.

"ఏ పార్టీకి ఇచ్చినవ్ చందా?"

"చందా ఏంది? నేనెందుకిస్త మామా?"

"ఇచ్చినవంట, గందుకు టాక్సు తగ్గించుమన్నవంట. ఇగో, ఈడ రాసున్నది. మా గల్లీల ఇంత పెద్ద మనిషి ఉన్నడని మాకు ఎర్కనే లేదు."

గడప మీదివాళ్లు నవ్వారు. "కార్పొరేటర్‌గ నిలవడతవా ఏందిరా?" అన్నాడొకతను.

"ఆయన రాసిండు మామా. పైసలు వాపస్ వస్తయంటే సరే అన్న."

"వచ్చినయా?"

"వచ్చినయ్."

"అండ్ల ఆయన వాటా?"

"తీస్కున్నడు."

"మరి నోటీసుల వాటా తీస్కుంటడా? పోయి అడుగు."

ఆ తర్వాత మామ అతన్ని రెండో కుర్చీలో కూర్చోబెట్టి రిటర్ను సరిచేయించాడు. వచ్చిన డబ్బు వడ్డీతో తిరిగి కట్టవలసి వచ్చింది. అతను చాలాకాలం మామను తిట్టుకున్నాడు. తర్వాతి ఏడాది మాత్రం మళ్లీ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

నేను పేపర్లో ఉద్యోగం చేస్తాను, నా రిటర్ను నేనే వేసుకుంటాను. దాని మీద ఆయనకూ నాకూ ప్రతి ఏడూ వాదన నడిచేది. ఇప్పుడంతా సులువైంది, జనానికి నేర్పి వదిలేయక ఇంకా ఈ బల్ల ఎందుకని నేను అడిగేవాణ్ణి.

"నీది జీతం, అల్లుడా. అంత ముందే నింపి ఉంటది. నువ్వు చేసేదేముంది, సై అనుడే గద. వీళ్లకు మగ్గం, కిరాయి, కూలోళ్లు, కరెంటు, కోసిన టాక్సు. ఖరే, నిజం చెప్పు, మీ పేపర్ల నువ్వు రాసింది ఇంకొకలు దిద్దుతరా లేదా?"

"దిద్దుతారు."

"ఎందుకు, నీకు రాయరాదా?"

"దిద్దినా పేరు నాదే పడుతుంది మామా. తప్పుంటే తిట్లు నాకే."

"బరోబర్. గందుకే చదివిస్తున్న."

వాదన అక్కడికి ఆగేది. ఎవరూ గెలిచేవాళ్లం కాదు. కాని ఒక విషయంలో ఆయనది తప్పు, అది రాయకపోతే ఇది ఆయన గురించి రాసినట్టు కాదు. టాక్సు సైటులో ఖాతా తెరిచేటప్పుడు ఫోన్ నంబర్ అడుగుతుంది. ఇక్కడి ఇళ్లలో చాలా చోట్ల ఒకటే ఫోన్, అదీ ఎవరు బయటికి వెళితే వాళ్ల జేబులో. రీఛార్జి ఆఫర్ మారినప్పుడల్లా సిమ్ మారిపోయేది. అందుకని మామ తన నంబరే వేసేవాడు, ఓటీపీలు ఆయన ఫోన్‌కే వచ్చేవి. ఆధార్ శిబిరం పెట్టినప్పుడు కూడా కొందరు, మా అక్కతో సహా, ఆయన నంబరే చెప్పి వచ్చారు. అంత శ్రద్ధగా ప్రతి వరుసా చదివించిన మనిషి ఆ ఒక్క గడి మాత్రం ఎవరిచేతా చదివించలేదు.

"రేపు నీకేమన్నా అయితే?" అని ఒకసారి అడిగాను.

"నాకేమైతది? నీకు చెప్పకుంట పోతనా?" అన్నాడు.

చెప్పకుండానే పోయాడు.

పొయ్యి వెలిగించని ఆ ఇంటికి పక్కవాళ్లు జొన్న భాకరీలూ పప్పూ తెచ్చి పెడుతున్నారు. మామకు పిల్లలు లేరు. అత్త గోడకు ఆనుకొని కూర్చుంది. దీపం పక్కన గూట్లో ఆయన ఫోన్ ఉంది. వచ్చినవాళ్లు నిజంగానే ఏడ్చారు. ఏడ్చి, కళ్లు తుడుచుకొని, నన్ను పక్కకు పిలిచి అడిగారు: "సావు ఇంట్ల అడగొద్దు గాని, మామ ఫోన్ తెరిసెటోళ్లు ఎవరన్న ఉన్నరా?" ఎవరూ లేరు. తెరిచే గీత ఎలా గీయాలో ఆయనకొక్కడికే తెలుసు.

ఫోన్ మధ్యమధ్యలో టింగుమనేది. ప్రతిసారీ అత్త తల అటు తిరిగేది. మాట్లాడుతున్నవాళ్లు ఆగిపోయేవారు. మళ్లీ ఏదో అందుకొని కొనసాగించేవారు.

మర్నాడు నీలం నగర్ వెళితే అక్క కార్ఖానాలో లేదు. ఇంట్లో మంచం అంచున కూర్చొని ఫోన్ పట్టుకొని ఉంది. తెర మీద "ఓటీపీ పంపు" అన్నచోట నొక్కింది. చూసింది. మళ్లీ నొక్కింది.

"అది నీకు రాదు కదా అక్కా."

"ఎర్కనే."

"మరి ఎందుకు?"

"ఉత్తగ కూసోనిస్తలేదు పానం. మామ చేస్తుండె గద, ఇట్ల కొడ్తె అట్ల వస్తుండె." లేచి నీళ్లు తాగింది. మళ్లీ కూర్చుంది. "ఆధార్‌ల నంబర్ మార్సుకుంటె అయితదంట. అయ్యేసరికి దినాలు పడ్తయంట. యజమాని పొద్దుగాల మల్ల ఫోన్ చేసిండు. అత్తను ఎట్ల అడుగుతరా? ఇంక పదో దినం గూడ కాలె."

నేను అడుగుతానన్నాను. వద్దంది. సాయంత్రం ఇద్దరం భవాని పేట్ వెళ్లాం.

మేం కూర్చోగానే అత్త అందరి వైపూ చూసి, "పొద్దటిసంది ఇది మోగుతనే ఉన్నది. ఎవరు కొడుతున్నరు?" అంది.

అక్క తన ఫోన్ ఒళ్లో బోర్లించి పెట్టుకుంది.

"నేనే అత్తా" అంది అక్క.

"నువ్వా? ఎందుకు బిడ్డా?"

"రిటర్న్... కార్ఖానా కొనేది ఉండె గద. నెలాఖరు వస్తున్నది."

"నేనేమో ఆయన్ని ఎవరో పిలుస్తున్నరనుకున్న. దాని దగ్గరికి పోయి, 'లేడు, ఊకోండ్రి' అని చెప్పి వచ్చిన. మల్ల మోగె. మల్ల చెప్పిన."

అక్క తల వంచుకుంది. మామకు వరసకు అక్కయ్యే ఒక పెద్దామె, "సావు ఇంట్ల ఇదేం పనే నీకు? పైసల సోయి తప్ప ఇంకోటి లేదా?" అని అందుకుంది.

"ఊకో వదినా" అంది అత్త. "ఆయనుంటె ఈ దినాలల్ల ఏం చేస్తుండె? గదే చేస్తుండె. జరమొచ్చి పెయ్యి కాలుతున్నా బల్ల కాడ్నే కూసుంటుండె." లేచి ఫోన్ చేతిలోకి తీసుకుంది. "మల్ల కొట్టు బిడ్డా."

అక్క నొక్కింది. టింగుమంది. ఫోన్ తెరవనక్కర్లేకపోయింది. తాళం పడిన తెర మీదే వచ్చిన మెసేజి కనిపిస్తోంది. అత్త దాన్ని దూరంగా పట్టుకొని, కళ్లు చిట్లించి చూసింది. ఆమె చదివింది మరాఠీ బడిలో. "సాత్... చార్... నవూ..." అని ఒక్కో అంకె పలికింది. అక్క వాటిని ఒక్కొక్కటిగా కొట్టింది, ఖాతా తెరుచుకుంది.

కంప్యూటర్ ముందు మామ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అక్క ఎప్పటిలా రెండో కుర్చీలో కూర్చుంది. నేను నింపుతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు నింపితె గూడ ఇంకోనితోని చేపిచ్చినట్టే గద. ఆయనంటె దినమంత గదే పని చేసెటోడు. నువ్వు ఏడాదికోపారి చేస్తవ్. గడప మీద కూసో, అడిగితె చెప్పు." పోయిన ఏడాదిది పక్కన పెట్టుకొని ఒక్కో గడీ నింపింది. రెండు చోట్ల తప్పు పోయి వెనక్కి వచ్చింది. ఒకచోట నన్ను అడిగితే నాకూ తెలియలేదు, వ్యాపారి గుమస్తాకు ఫోన్ చేసి కనుక్కున్నాం. అన్నీ అయ్యాక మొదటినుంచి పైకి చదివింది. బటన్ నొక్కాక ధ్రువీకరణకు ఇంకో ఓటీపీ కావాలంది. అత్త అప్పటికే ఫోన్ పట్టుకొని పక్కన నిలబడి ఉంది.

రసీదు మర్నాడు బ్యాంకుకు చేరింది. నెలాఖరుకు ముందే యజమాని బయానా తీసుకున్నాడు. సాంచాలు ఉన్నచోటే ఉన్నాయి.

ఈ సంగతి గల్లీ అంతా పాకడానికి ఒక పూట పట్టింది. పదో దినం దాకా జనం వచ్చారు. పరామర్శకు వచ్చి, అడగలేక నిలబడితే అత్తే, "నీది గూడ ఉన్నదా? కొట్టు" అనేది. చదివి చెప్పేది. అంకె తప్పితే, "ఆయన ఉండంగ గిట్లనే చేస్తుంటివా?" అని కసిరేది.

ఇప్పుడు ఒక్కొక్కరూ ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి తమ నంబర్ పెట్టించుకుంటున్నారు. కొందరు సీఏ ఆఫీసులకు వెళుతున్నారు. కొందరు కొడుకుల చేత ఫోన్‌లోనే వేయించుకుంటున్నారు. ఎవరిది సరైన పనో నేను చెప్పలేను. కార్ఖానా కొన్నాక లెక్కలు పెద్దవయ్యాయని అక్క ఒక ఆఫీసు పట్టుకుంది. మొదటి రోజే, "నంబర్ నాది పెట్టుండ్రి. అంత అయినంక నాకు చదివి చూపెట్టుండ్రి. బటన్ నేను నొక్కుత" అందట. అంత టైం ఎవరికుందమ్మా అన్నాడట అక్కడి గుమస్తా. "నాకున్నది" అని కుర్చీ లాక్కొని కూర్చుందట.

నంబర్ మార్చుకోవడానికి వెళ్లేముందు అక్క అత్తకు చెప్పడానికి వెళ్లింది. "మార్సాల్నా?" అని అడిగింది అత్త. బ్యాంకువాళ్లు తప్పదన్నారని అక్క చెప్పింది. "మంచిది బిడ్డా, మార్సుకో. ఎవరిది వాళ్ల దగ్గర ఉండుడే మంచిది" అని, ఆమెకు చాయ్ పెట్టిచ్చింది.

పోయిన వారం నేను వెళ్లాను. ముందు గదిలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. ఫోన్ ఛార్జింగుకు పెట్టి ఉంది. నిండిపోయిందని తీయబోతే, "ఉండనీ" అంది అత్త. రీఛార్జి కూడా ఏడాదికి సరిపడా చేయించిందట.

"అందరు మార్సుకున్నరా?" అని అడిగింది.

"దాదాపు."

"దాదాపంటె? ఇంక ఎవరన్న ఉన్నరా?"

నాకు తెలిసినంతవరకు ఎవరూ లేరు.

"ఉండొచ్చు అత్తా" అన్నాను.

అత్త పీట కొద్దిగా జరుపుకొని, ఫోన్ కనిపించేటట్టు కూర్చొని, చేటలో జొన్నలు పోసుకుంది.