లెన్సక్క కుడికన్ను

షాపులో ఆమెను అందరూ లెన్సక్క అంటారు. ఆమెకంటే పదకొండేళ్లు పెద్దవాడైన యజమాని కూడా అక్కా అనే పిలుస్తాడు. "మీరు కూడా అక్కా అంటే నా వయసు ఎంతనుకుంటారండీ జనం?" అని ఆమె ఒకసారి అడిగింది. "నా వయసు తక్కువనుకుంటారులే" అన్నాడాయన.

సినిమా కెమెరాలూ లెన్సులూ అద్దెకిచ్చే షాపు అది. ముందు కౌంటరు, దాని వెనక అల్మరాల గది, ఆ వెనక కిటికీలు లేని పొడవాటి గది. ఆ మూడో గదిలో ఒక చివర బల్ల, రెండో చివర తెల్లగోడ. లెన్సక్క ఉద్యోగమంతా ఆ రెంటి మధ్యే గడిచింది.

చేరింది మాత్రం లెన్సుల కోసం కాదు. ఇరవై రెండో ఏట, లెన్సు పెట్టెల్లో వేసే స్పాంజి కోయడానికి పెట్టుకున్నారు. లెన్సు పెట్టెలో కదలకూడదు, తీసేటప్పుడు పట్టేయకూడదు, అలా గుంట కోయాలి. ఆమె కోసిన గుంటలు చూసి అప్పటి మెకానిక్కు ముసలాయన "ఈ చేతులు స్పాంజికి దండగ, ఇటు రా" అని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. లెన్సు విప్పడం, అద్దం తుడవడం, తిరిగి బిగించడం నేర్పాడు. "ఒక్క కంటితో చూడు. రెండు కళ్లూ తెరిస్తే అవి రెండూ కీచులాడుకుంటాయి" అనేవాడు. ఆమె కుడికన్ను ఎంచుకుంది. ముప్పై ఏళ్లకు పైగా, పని చేస్తున్నంతసేపూ ఎడమకన్ను మూసే ఉండేది.

చూసిన లెన్సు బాగుంటే దాని మూతమీద గుండ్రటి బిళ్ళ అంటించి సంతకం పెడుతుంది. ఆ బిళ్ళ ఉంటే కెమెరామేన్లు ఇక అనుమానించరు.

మొన్న వేసవిలో ఆమె మేనకోడలు షాపుకొచ్చింది. అన్నకూతురు. ఎనిమిదేళ్లు రకరకాల కెమెరామేన్ల దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, మొదటిసారి సొంతంగా సినిమా ఒప్పుకుంది. కథంతా ఒక ఫ్లాటులో, తల్లీకూతుళ్ల మధ్య. తల్లిగా వేసేది అరవై దాటిన నటి.

"జూమ్ లెన్సు తీసుకెళ్లవే, ఒక్కటే మోసుకుపోవచ్చు" అంది లెన్సక్క, కావాలనే.

"అత్తా, నన్ను పరీక్షించకు. ప్రైమ్‌లే కావాలి."

ప్రైమ్ అంటే దగ్గరికీ దూరానికీ లాగే వీలు లేనిది. ఒక్కో లెన్సుకు ఒక్కటే చూపు. గదంతా కావాలంటే ఒకటి, ముఖం మాత్రమే కావాలంటే ఇంకొకటి, మార్చుకుంటూ పోవాలి. అందుకే వాటిని సెట్టుగా తీసుకుంటారు. ఆ సెట్టులో అన్నీ ఒకే రంగు ఇవ్వాలి. లేకపోతే తల్లి మాట్లాడుతుంటే గోడ తెల్లగా, కూతురు జవాబిస్తుంటే అదే గోడ ముదురుగా వస్తుంది.

లెన్సక్క రెండు సెట్లు బల్లమీద పెట్టింది. ఒకటి కొత్తది. కత్తిలాంటి స్పష్టత. రెండోది వయసులో ఆమె కంటే కాస్త చిన్నది, అంతే.

మేనకోడలు కొత్తదాన్ని కెమెరాకు బిగించి అత్తవైపే తిప్పింది. ఇద్దరూ మానిటర్లో చూశారు.

"నా ముఖంమీద ఇన్ని గుంటలున్నాయని ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదే" అంది లెన్సక్క.

"మామయ్యకు భయం."

"ఆయన కళ్లజోడు పెట్టుకుంటేగా!"

పాత సెట్టుతో అదే ముఖం చూశారు. ముడతలు ఉన్నాయి, కానీ వాటిని వేలెత్తి చూపించినట్టు లేదు. డిజిటల్ కెమెరా ఎలాగూ ఏదీ వదలదు, దానికి ఇంకా పదును పెట్టడం ఎందుకు అంది మేనకోడలు. తన సినిమాకు రంగులు సరిదిద్దే గదిలో రెండే రోజులు ఇస్తామన్నారట. లెన్సులు ముందే కలిసి ఉంటే తప్ప అంత తక్కువ రోజుల్లో పని తెమలదు.

"ఇది కలిసిన సెట్టే. నేను చూశాను" అంది లెన్సక్క.

ఇరవై నాలుగు, ముప్పై అయిదు, యాభై, డెబ్భై అయిదు, వంద ఎంఎం. మొత్తం అయిదు లెన్సులు. వీటిలో యాభై ఎంఎం మాత్రం తోబుట్టువు కాదు. అసలుది ఎవరో కింద పడేస్తే, కిందటేడాది అల్మరాలో ఉన్న రెండు యాభైల్లోంచి ఒకదాన్ని లెన్సక్క ఎంచి సెట్టులో చేర్చింది. రెండూ ఒకే రంగు అనిపించాయి. ఫోకస్ రింగు నునుపుగా తిరుగుతున్నదాన్ని తీసుకుంది.

మేనకోడలు ఊరుకోలేదు. బిళ్ళలున్నా సరే, తన మొదటి సినిమా కాబట్టి అన్నీ ఒకసారి కెమెరాలో చూసుకుంటానంది. గోడకు ఎదురుగా కూర్చోవడానికి షాపు డ్రైవరును పిలిచారు. ఆయన తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు.

"నవ్వాలా?" అన్నాడు డ్రైవరు.

"కదలకుండా కూర్చుంటే చాలు బాబాయ్."

"హీరోలకు ఇదే పద్ధతా? మంచిది, డైలాగులు మర్చిపోయే గొడవ లేదు."

ఇరవై నాలుగు పెట్టారు. చొక్కా తెల్లగా ఉంది. ముప్పై అయిదు కూడా అంతే. యాభై బిగించగానే మేనకోడలు మానిటర్ దగ్గరికి వంగింది.

"అత్తా, చొక్కా పసుపు తిరిగింది."

"ఎక్కడ?"

"మొత్తం. పాత న్యూస్‌పేపర్లా ఉంది."

లెన్సక్క చూసింది. ఆమెకేం తేడా కనిపించలేదు. "మానిటర్ పాడై ఉంటుంది" అంది. ఇంకో మానిటర్ తెచ్చారు. కౌంటరులో ఉండే అమ్మాయిని పిలిచి అడిగారు. పసుపే అంది. డ్రైవరు కూడా లేచి వచ్చి చూశాడు.

"పొద్దున ఉతికిన చొక్కా అక్కా. మా ఆవిడ చూస్తే సబ్బు మార్చేస్తుంది."

లెన్సక్కకు కోపం వచ్చింది. "నేను చూసిన లెన్సు ఇది. మీకు అలవాటు లేక అలా అనిపిస్తోంది" అంది. యాభైని విప్పి, బల్లమీద తెల్లకాగితం పరిచి, లెన్సులోంచి కుడికంటితో చూసింది. పక్కన డెబ్భై అయిదు పెట్టి చూసింది. రెండూ ఒకటే. తల ఎత్తబోతూ, మెడ పట్టేసినట్టుండి, ఊరికే ఎడమకన్ను తెరిచి కుడికన్ను రుద్దుకుంది.

కాగితం తెల్లబడింది.

కుడికన్ను తెరిచి ఎడమది మూసింది. కాగితం ముదురు రంగులోకి దిగింది. మళ్లీ మార్చింది. ఇంకోసారి. ఇప్పుడు ఎడమకంటితో యాభైలోంచి చూస్తే పసుపు స్పష్టంగా ఉంది. పక్కనున్న డెబ్భై అయిదులో లేదు. పసుపుపట్టిన కన్నుకు పసుపు కనిపించడం మానేసిందన్నమాట. ఎప్పట్నుంచో తెలియదు.

మేనకోడలు అత్త కళ్లు మార్చిమార్చి మూయడం చూసింది. డ్రైవరునూ కౌంటరు అమ్మాయినీ టీ తెమ్మని పంపేసింది.

"అత్తా, రెండో యాభై ఉందిగా. అది పెట్టుకుని నేను వెళ్లిపోతాను. లెన్సు పాతబడిందని చెప్పొచ్చు. ఎవరికీ తెలియక్కర్లేదు."

"నాకు తెలిసిందిగా."

"నువ్వు డాక్టరుకు చూపించుకో. అంతవరకూ చాలు."

"మరి అల్మరాల్లో నా బిళ్ళలతో ఉన్నవాటి సంగతేంటే? నీలాంటి పిల్ల ఇంకొకతె వచ్చి, నా సంతకం నమ్మి, చూడకుండా పట్టుకెళ్తే?"

టీ తెచ్చిన డ్రైవరును మళ్లీ కూర్చోబెట్టి, రెండో యాభైనీ మిగిలిన డెబ్భై అయిదునూ వందనూ ఎడమకంటితో తనూ, మానిటర్లో మేనకోడలూ చూశారు. చొక్కా తెల్లగానే వచ్చింది. యాభై రింగు మాత్రం బిగుసుకుపోయి ఉంది. లెన్సక్క దాన్ని విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది రాసి, మళ్లీ బిగించింది. చేతులకు ఏ అనుమానమూ లేదు. సెట్టు మూతలమీదున్న పాత బిళ్ళలు మాత్రం పీకేసి, కొత్తవి వేయలేదు. మేనకోడలు అడిగినా వేయలేదు.

మర్నాడు పొద్దున్నే అల్మరాలు తెరిచి, ఎందుకైనా మంచిదని గత రెండేళ్లలో అంటించిన బిళ్ళలన్నీ గోటితో గీకడం మొదలుపెట్టింది. యజమాని వచ్చేసరికి ఒక అర పూర్తయింది. ఆమె విషయమంతా చెప్పింది. ఆయన పెట్టె మీద కూర్చుని విన్నాడు.

"రెండేళ్లలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదే అక్కా?"

"అదేనండీ నాకూ అర్థం కానిది."

"అర్థం కాకపోవడానికి ఏముంది? కంప్యూటరులో సర్దేసుకుని ఉంటారు."

ఆయన ఓదార్పుగానే అన్నాడు. కానీ కన్ను పాడైందని తెలిసినప్పటికంటే ఆ మాట ఆమెకు ఎక్కువ తగిలింది. తను తప్పు చేసినా ఎవరికీ తెలియలేదంటే, తను ఒప్పుగా చేసినప్పుడు మాత్రం ఎవరికి తెలిసినట్టు? ఆ రోజు మధ్యాహ్నం దాకా మిగతా బిళ్ళలు గీకింది. తర్వాత కొత్త బిళ్ళలు తీసి, ఒక్కోదానికి అడ్డంగా గీత గీసింది. గీత పైన, రింగూ అద్దాలూ బిగింపూ బాగున్నాయని తన సంతకం. గీత కింద రంగు సంగతి. అక్కడ మానిటర్లో చూసినవాళ్లు పెట్టాలి.

కంటి డాక్టరు కూడా ఆడమనిషే. శుక్లం అంది. కుడికంట్లో బాగా ముదిరింది, లోపలి లెన్సు తీసేసి కొత్తది పెట్టాలంది.

"ఏ దూరానికి పెట్టమంటారమ్మా? ఒకే దూరానికి పనిచేసేది ఒక రకం. దగ్గరికీ దూరానికీ పనిచేసేది ఇంకో రకం. దాంతో కొందరికి దీపాల చుట్టూ వెలుగు చెదిరినట్టు కనిపిస్తుంది."

"రెండోది వద్దండీ. ప్రైమే పెట్టండి."

డాక్టరుకు అర్థం కాలేదు. ఒకే దూరానిది అని లెన్సక్క విడమరిచి చెప్పింది.

"అయితే దూరానికి పెడతాను. చాలామంది అదే అడుగుతారు. రోడ్డు బాగా కనిపిస్తుంది."

లెన్సక్క సంచిలోంచి కాగితం తీసింది. స్టూలు మీద తన కన్నుండే చోటు నుంచి బల్లమీద లెన్సుండే చోటుదాకా టేపుతో కొలిపించి రాసుకొచ్చింది. యాభై ఎనిమిది సెంటీమీటర్లు.

"ఈ దూరానికి పెట్టండి."

"రోడ్డు చూడ్డానికి కళ్లజోడు పెట్టుకోవాల్సి వస్తుందమ్మా."

"పెట్టుకుంటాను. రోడ్డుమీద నేను సంతకం పెట్టేది ఏముంది? ఇంకో మాట. మీ లెన్సు ఏ రంగుదండీ?"

డాక్టరు మొదటిసారి కాగితాలు పక్కన పెట్టింది. కొన్నింటికి లేత పసుపు ఉంటుందనీ, కంటికి రక్షణ అని కొందరు అదే వాడతారనీ, రంగు లేనివీ ఉన్నాయనీ చెప్పింది.

"రంగు లేనిదే కావాలి" అంది లెన్సక్క. "పసుపుతో ఇప్పటికే చాలా ఇబ్బంది పడ్డాను."

ఆపరేషనైన మూడు వారాలకు బల్ల దగ్గరికొచ్చింది. స్టూలు లాక్కుని తెల్లకాగితం పరిచింది. కుడికంటికి కాగితం ఎంత తెల్లగా ఉందంటే కాస్త నీలంగా అనిపించింది. ఎడమకన్ను తెరిచింది. ఇన్నాళ్లూ నమ్ముకున్న ఆ కంటికి కూడా లేతగా పసుపు పట్టి ఉంది. మేనకోడలి సెట్టును తను చూసి పంపింది ఆ కంటితోనే.

వెంటనే ఫోన్ చేసింది. సినిమా అప్పటికి సగం అయింది.

"యాభై ఎలా ఉందే?"

"బాగుంది. డెబ్భై అయిదే కొంచెం ఆకుపచ్చకు పోతోంది అత్తా. ఎడిటింగులో పక్కపక్కన పెడితే తెలిసింది. నేనూ చూశానుగా, నాకూ కనపడలేదు."

"మార్చి పంపనా?"

"వద్దు. సగం దీంతోనే తీశాం, ఇప్పుడు మారిస్తే ఇంకా తేడా వస్తుంది. ఉన్న రెండు రోజుల్లోనే సర్దుకుంటాను. నీ కన్ను ఎలా ఉంది?"

"ఒకదానితో ఒకటి కలవలేదు. ఎడమది కూడా చేయించాలి" అంది లెన్సక్క.

ఫోన్ పెట్టేసి ఆ డెబ్భై అయిదు నంబరు ఒక చీటీమీద రాసింది. "తిరిగొచ్చాక మళ్లీ చూసేదాకా ఎవరికీ ఇవ్వొద్దు" అని కింద రాసి, సంతకం పెట్టి, అల్మరా తలుపుకు అంటించింది.