పద్నాలుగు సంతకాల యావరేజ్

తడిసిన అట్టపెట్టె వాసన తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెతుక్కుంటుంది. మొన్న దుబాయ్ అల్ కుసైస్‌లోని మా గోడౌన్‌లో ఏసీ నీళ్లు కారి రెండు పెట్టెలు తడిసినప్పుడూ అదే జరిగింది. వెంటనే మస్తాన్ భాయ్ గుర్తొచ్చారు.

అప్పట్లో ఆయన మా స్టోర్‌కీపర్, నెల్లూరు మనిషి. వయసులో ఉన్నప్పుడు డేరా క్రీక్ రేవులో లాంచీలకు సరుకెక్కిస్తూ, ఆ సరుకుతో పాటు మాటల పుట్టుపూర్వోత్తరాలు కూడా పోగుచేసుకున్నారు. నేను ఆయన దగ్గర కాగితాలు చూసే గుమాస్తాను. 2024లో మా ముదీర్, అంటే మేనేజరు, నా పనితీరు నివేదికలో ఒకే ఒక్క మాట రాశారు: యావరేజ్. కాకినాడలో క్లాసు ఫస్టు వచ్చినదాన్ని కదా, ఆ మాట వారం రోజులు గొంతు దిగలేదు.

ఆ వారంలోనే ఫోన్లో వాన హెచ్చరిక మోగింది. తుపాన్లు చూసి పెరిగినదాన్నని నాకో గర్వం. "దుబాయ్‌లో వానేంటండీ, చిలకరింపు" అని నవ్వి, లోపల చోటు లేదని స్కూలు బ్యాగుల పెట్టెలన్నీ యార్డులోనే దింపించాను. తెల్లారేసరికి నాలుగు వందల పెట్టెలూ ఇడ్లీ పిండిలా అయ్యాయి. ఎల్లుండి సాయంత్రానికి సరుకు ఓడరేవుకి బయల్దేరాలి.

"ఎవరు దింపించారు? నష్టం కాగితం మీద పేరు రాయండి. ఆ మనిషి ఖలాస్!" అని ముదీర్ హిందీలో అరిచి గదిలోకి వెళ్లిపోయారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. నా పేరు రాద్దామని పెన్ను తీశాను.

"ఆగమ్మే," అన్నారు మస్తాన్ భాయ్. "యావరేజ్ అంటే ఏందో తెలుసా నీకు?"

"తెలుసు భాయ్. నేనే."

"ఏడ్సినట్టుంది. అది అరబ్బీలో పుట్టిన మాట. అవార్ అంటే దెబ్బతిన్న సరుకు. గాలివానలో ఓడ మునక్కుండా ఒకడి మూటలు సముద్రంలోకి తోస్తే, ఆ నష్టం వాడొక్కడిదే కాదు, ఓడలో సరుకున్నోళ్లందరిదీ. అట్టా తలా కాస్త పంచుకునేదానికి ఆ పేరొచ్చింది. తర్వాతెప్పుడో లెక్కలోళ్లు ఎత్తుకుపోయినారు."

చెబుతూనే తొలి సంతకం ఆయన పెట్టేశారు. ఎవరి చెయ్యి జారినా షిఫ్టంతా సంతకం పెట్టడం ఆయన గోడౌన్లో ఆచారం. తెలుగు, ఉర్దూ, మలయాళం, బెంగాలీ లిపులన్నీ వరుసకట్టాయి. పద్నాలుగోది నాది.

ముదీర్ కాగితం చూసి తలెత్తారు. మస్తాన్ భాయ్ వినయంగా అడిగారు: "పద్నాలుగు మందినీ పంపేస్తే, సరుకు మీరొక్కరే ఎక్కిస్తారా సాబ్?"

"ఎల్లుండి లారీ కదిలితే నేనీ కాగితం చూడనట్టే," అన్నారాయన.

"యల్లా, పదండి!" అని మస్తాన్ భాయ్ చొక్కా చేతులు పైకి మడిచారు. పెట్టెలు పోయాయి గానీ ప్లాస్టిక్ కవర్లలోని బ్యాగులు పొడిగానే ఉన్నాయి. కొత్త పెట్టెల్లోకి అన్నీ సర్దాం. గడువుకి అరగంట ముందే లారీ గేటు దాటుతుంటే మేం వేసిన ఈలలకి పక్క గోడౌన్ వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

నిరుడు ఆయన నెల్లూరు వెళ్లిపోయారు. ఆయన కుర్చీ ఇప్పుడు నాది. ఎవరైనా నన్ను యావరేజ్ అంటే థాంక్స్ చెబుతాను. మొన్న తడిసిన ఆ రెండు పెట్టెల కాగితం మీదా తొలి సంతకం నేనే పెట్టాను. నా వెనక వరుస పెరిగింది. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది.