నాలుగు వేసవుల బి.ఏ.

మా పెద్ద టీచరుగారు పోయారు. పొద్దున్నే పాత అటెండరు ఫోన్ చేశాడు. "మేడమ్, పెద్ద టీచరమ్మ లేదు ఇగ. నిద్రల్నే పోయిందట. జర జల్ది రాండ్రి" అన్నాడు. ఉన్నపళంగా బయల్దేరి కృష్ణానగర్ వెళ్లాను. సందు మొదట్లోనే ఆవిడ ఫ్లెక్సీ ఎదురొచ్చింది. మేమిద్దరం కలిసి పనిచేసిన బడివాళ్లు కట్టించారట. ఫొటోలో ఆవిడ ముఖాన్ని తెల్లగా చేసి పారేశారు. పేరు పక్కన ఎం.ఏ., ఎం.ఎడ్. అని ఇంతింత అక్షరాలు.

పక్కన నిలబడ్డ కుర్ర టీచరును పట్టుకుని, "గిట్ల ఎవలు రాయమన్నరు?" అని అడిగాను. "మా హెడ్మాస్టరు సారేనండీ. ఉత్త బి.ఏ. అంటే బాగుండదు, గౌరవంగా ఉండాలన్నారు" అన్నాడు. గౌరవమట! ఆ ఉత్త బి.ఏ. కోసం ఆవిడ ఎంత పడ్డారో వీళ్లకి తెలియదు. తెలిసినా పట్టదు. చచ్చిపోయిన మనిషి లేచి కాదనలేదు కదా అని ఇష్టమొచ్చింది రాసేశారు. దండేసి, టీ తాగి వచ్చేయడం నా వల్ల కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైలు ముగుస్తున్న రోజులు. ఫిల్మ్‌నగర్ వాలు మీద, బండరాళ్ల మధ్య, రేకుల కప్పుతో ఉండేది మా బడి. లెక్కలు చెప్పడానికి నేను కొత్తగా చేరాను. రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చేదాన్ని. డాన్సర్ల పిల్లలు, లైట్‌మెన్ల పిల్లలు ఎక్కువ. మా కరస్పాండెంటు ఒకప్పుడు సినిమా తీసి చేతులు కాల్చుకున్న మనిషి. బడిని కూడా సెట్టింగులాగే చూసేవాడు. వేసవి సెలవుల్లో షూటింగులకి అద్దెకిచ్చేవాడు. ఒక ఏడు పోలీసు స్టేషను, మరో ఏడు ధర్మాసుపత్రి. జూన్‌లో మేం తలుపులు తెరిచేసరికి తరగతి గోడ మీద "ఖైదీలతో మాట్లాడరాదు" అని ఉండేది. మూడో తరగతి పిల్లలు దాన్ని కూడబలుక్కుని చదువుతుంటే నాకు నవ్వొచ్చేది. వాళ్లకి పాఠాలు చెప్పే మా పెద్ద టీచరుగారికి మాత్రం వచ్చేది కాదు. "ఛీ" అని, బకెట్‌తో నీళ్లు తెప్పించి, కొంగు దోపుకుని గోడ కడిగేవారు.

అసహ్యించుకోవడంలో ఆవిడకున్నంత శ్రద్ధ నేను మరొకరిలో చూడలేదు. కుర్చీ తుడవందే కూర్చునేవారు కాదు. గ్లాసు వాసన చూడందే నీళ్లు తాగేవారు కాదు. ఇది చాదస్తమని స్టాఫ్‌రూమ్‌లో అందరం నవ్వుకునేవాళ్లం. కానీ ఆవిడకి అసలు రోత మురికి మీద కాదు. పిల్లాడు పక్కవాడి జవాబు చూసి రాస్తే తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. ఆ కాగితాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని తిరిగిచ్చేవారు. "ఎంగిలి జవాబు నాన్నా. నేను ముట్టుకోను" అనేవారు. ఆ రెండు వేళ్లు చూసి పిల్లలు బెత్తానికి ఏడ్చిన దానికన్నా ఎక్కువ ఏడ్చేవారు.

"అసహ్యం పుడుతోందంటే లోపల మనిషి బాగానే ఉన్నట్టు అమ్మాయ్. అన్నీ మామూలే అనిపించిన రోజున భయపడాలి" అన్నారొకసారి నాతో. అప్పట్లో ఇరవయ్యేళ్ల పిల్లనేమో, నాకది సగమే ఎక్కింది.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. పదో తరగతికి తెలుగు చెప్పాలి. చదివింది ఇంటరు, ఆ పైన టీచరు ట్రైనింగు. డిగ్రీ లేనిదే పదో తరగతి ఇవ్వనన్నాడు కరస్పాండెంటు. దాంతో కోస్తాలో ఒక విశ్వవిద్యాలయం వేసవి బి.ఏ. పెడితే చేరారు. టీచర్లూ గుమాస్తాలూ సెలవుల్లో వెళ్లి తరగతులకు కూర్చోవాలి, చివర్లో పరీక్షలు రాయాలి. అలా మూడు వేసవులు. అందరూ మామిడిపళ్లు తినే రోజుల్లో ఆవిడ ట్రంకు పెట్టె, నిమ్మకాయ ఊరగాయ సీసా పట్టుకుని రైలెక్కేవారు. హాస్టల్ గదిలో నల్లులు. మెస్సు సాంబారులో ఏం తేలుతోందో చూడకుండా మింగాలి. తడి దుప్పటి కప్పుకుని చదివేవారట. జూన్‌లో సగమై తిరిగొచ్చేవారు. "ఆ స్నానాల గది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. కానీ పాఠం చెప్పినాయన బంగారం" అనేవారు.

మా సోషల్ మాస్టారు కూడా అదే బి.ఏ.లో చేరాడు. మూడో వేసవి ఆఖరి పరీక్ష గురించి మొదట ఆయనే నవ్వుతూ చెప్పాడు. "ఆవిడకి పిచ్చండీ. హాలంతా గైడు కాగితాలు పంచారు, హాయిగా రాసుకున్నాం. ఆవిడొక్కతే రభస చేసింది." హాల్లో ఉన్నవాళ్లలో సగానికి పైగా పంతుళ్లే. కాపీ కొట్టిన పిల్లల వీపులు చిట్లగొట్టే పంతుళ్లు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ మనిషి పళ్ల సందుల్లో వక్కపొడి ఇరుక్కుని ఉంది. ఇప్పటికీ నాకు వక్కపొడి వాసనంటే పడదు.

తర్వాత టీచరుగారు చెప్పారు. పర్యవేక్షకుడు ఆవిడ బల్ల మీద కూడా కాగితాలు పెట్టాడు. తీసేయమన్నారు. "ఉంచుకోండమ్మా. మీరొక్కరే చూసి రాయకపోతే మిగిలినవాళ్లకి భయం. బయటికెళ్లి చెబుతారేమోనని" అన్నాడట మెల్లగా, ఎంతో మర్యాదగా. ఆవిడ అప్పటికే సగం రాశారు. రాసిందంతా అడ్డంగా కొట్టేసి, పేపరిచ్చేసి బయటికొచ్చేశారు. "బాగానే రాశానమ్మాయ్. కానీ ఆ హాల్లోంచి వచ్చే కాగితాలన్నీ ఒకటే కంపు కొడతాయి. అందులో నాదొకటి కలపబుద్ధి కాలేదు" అన్నారు. ఆ ఒక్క పేపరు పోయింది. అంటే మరో వేసవి ఆగాలి. పదో తరగతి కూడా అంతే.

ఇంకా రోత పుట్టించే పని ఇక్కడ బడిలో జరిగింది. అడ్మిషన్ల వేళ కదా, ఫలితాలు రాకముందే కరస్పాండెంటు సెట్టింగులకు రంగులేసే పెయింటర్ని పిలిచి, గేటు పక్క బోర్డు మీద ఆవిడ పేరు పక్కనా సోషల్ మాస్టారి పేరు పక్కనా బి.ఏ. రాయించాడు. ఆవిడ చూసి నేరుగా ఆఫీసుగదిలోకి వెళ్లారు. తలుపు దగ్గర నేనూ అటెండరూ ఉన్నాం.

"నాకు డిగ్రీ రాలేదండీ. ఆఖరి పేపరు పోయింది. చెరిపించండి."

"పోతే పోయిందమ్మా, వచ్చే ఏడు వస్తుంది. బోర్డుకేం తెలుస్తుంది? పదో తరగతి ఈ ఏడే తీసుకోండి. సర్టిఫికెట్ నేనడిగానా?"

మూడేళ్లుగా కోరుకున్నది చేతికందింది. అటెండరు ఆగలేక, "తీస్కోరాదమ్మా, ఆయినే ఇస్తుండు గద" అన్నాడు. ఆవిడ అతని వైపు తిరిగి, "పెయింటరు దగ్గర టర్పెంటైన్ ఉంటుంది, కాస్త తెచ్చిపెట్టు నాయనా" అన్నారు. తల్లిదండ్రులు అడ్మిషన్ల కోసం వరసలో నిలబడి చూస్తుండగా బల్లెక్కి, గుడ్డ ముంచి, తన పేరు పక్కనున్న రెండక్షరాలూ తుడిచేశారు. మాస్టారి పేరు పక్కన అక్షరాలు అలాగే మెరుస్తున్నాయి. పదో తరగతి తెలుగు కూడా ఆయనకే వెళ్లింది. గైడు చూసి డిక్టేషన్ చెప్పేవాడు. పక్క గదిలో ఆవిడ మూడో తరగతికి గుణింతాలు దిద్దిస్తూ, ఆ డిక్టేషనంతా వింటూ ఏడాది గడిపారు. వింటున్న నాకే గోడకి తల కొట్టుకోవాలనిపించేది. ఆవిడ ఎలా భరించారో!

నాలుగో వేసవి మళ్లీ రైలెక్కారు. అదే హాలు, అవే గైడు కాగితాలు. ఈసారి మాత్రం "వాళ్ల కంపుకి నా పేపరెందుకు కొట్టేసుకోవాలి" అనుకున్నారట. ముందుగా వెళ్లి మొదటి బల్ల పట్టుకుని, పర్యవేక్షకుడితో "నా బల్ల దగ్గరికి రాకు బాబూ, వచ్చావంటే అరుస్తాను" అని చెప్పి మరీ రాశారట. ఫలితం థర్డ్ క్లాసు. కరస్పాండెంటు మొహం మాడ్చుకుని, "క్లాసు సంగతి ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఆవిడ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి అందరికీ చెప్పారు. "ఉప్పు తక్కువే. కానీ నా చేతి వంట" అంటూ నాకో మామిడిపండు ఇచ్చారు. అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను. మాస్టారు ఆ పాటికే ట్యుటోరియల్ పెట్టుకుని వెళ్లిపోయాడు. గైడు చూసి తెచ్చుకున్న ఫస్టు క్లాసుతో ఎంతమంది పిల్లల్ని చెడగొట్టాడో దేవుడికే తెలియాలి.

అలా ఆవిడకి పదో తరగతి వచ్చింది. ఆ క్లాసు చేపట్టిన వారానికే చిన్న పరీక్ష పెట్టారు. నేను వరండాలోంచి వెళుతూ వెనక కిటికీ దగ్గర ఆగాను. ఆవిడ కుర్చీని కొండవైపు కిటికీకి తిప్పుకుని, పిల్లలకి వీపు పెట్టి కూర్చున్నారు. బయట రాళ్ల మీద ఏదో సినిమాకి అట్టగుడి కడుతున్నారు. ఆఖరి బెంచీలో ఒకమ్మాయి తన కాగితాన్ని పక్కపిల్ల వైపు జరిపింది. ఆ పిల్ల కాసేపు దాని వంక చూసింది. తర్వాత దాన్ని బోర్లా తిప్పి వెనక్కి నెట్టి, తనకి రాని ప్రశ్న దగ్గర ఖాళీ వదిలి, కిందిది రాయడం మొదలుపెట్టింది. టీచరుగారు తల తిప్పలేదు.