సీసా మీద చేసినవారి పేరు

సారు పోయారన్న మాట నాకు పోస్ట్‌మ్యాన్ చెప్పాడు. మా అన్న సైకిల్ షాపులో పంచరైన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూస్తున్నాను. "సైన్స్ సారు పోయిండ్రట. పొద్దుగాల నమాజుకు లేచి, వజూకు కాళ్లు చేతులు కడుక్కుంటనే కూలబడ్డరట" అన్నాడు, సైకిలుకు స్టాండు వేస్తూ. తొట్టిలో బుడగలు లేస్తూనే ఉన్నాయి. రంధ్రం ఎక్కడుందో కనబడుతూనే ఉంది. దాని మీద వేలు పెట్టడానికి చెయ్యి కదల్లేదు.

"ఏందిరా గట్ల కూసున్నవ్? పో, జనాజకు భుజం పట్టిరా" అన్నాడు అన్న.

పోయాను. జనాజాను మోసేవాళ్లు కొన్ని అడుగులకొకసారి మారుతుంటారు. బజారు మలుపులో నా వంతు వచ్చింది. సారు సన్నటి మనిషి. నా భుజానికి బరువే తెలియలేదు. అట్లా తెలియకపోవడమే అప్పటినుంచి నన్ను వదలడం లేదు.

ఇది చదివే మీలో సగం మంది మెదక్ హైస్కూల్లో సారు దగ్గర రసాయన శాస్త్రం నేర్చుకున్నవాళ్లే. ఎడమచేతి మీద మణికట్టు దాకా ఆ కాలిన మచ్చ మీకు గుర్తుంటుంది. మీలో చాలామంది రెండేళ్ల కిందటి ఆ కరపత్రం కూడా చదివారు. దాన్ని కడుపుమంటతో సారే రాయించుకున్నారని ఈ ఊళ్లో అన్నవాళ్లున్నారు, నమ్మినవాళ్లున్నారు. ఆ మాట అబద్ధం. సారు మట్టిలో కలిశాక కూడా ఆ మాట ఊళ్లో తిరుగుతోంది గనుక ఇది రాస్తున్నాను.

ముందు సీసాల సంగతి చెప్పాలి. స్కూలు ప్రయోగశాలలో, చర్చి గోపురం కనబడే కిటికీ పక్కన, సారుకు ఒక కట్టుబాటు ఉండేది. సున్నపు తేట వడగట్టినా, ఉప్పునీళ్లు కలిపినా సీసా మీద చీటీ అంటించి, చేసినవాడి పేరు రాయాలి. రాయకపోతే సారు తిట్టరు, కొట్టరు. తానే ఒక చీటీ అంటించి, దాని మీద 'చేసినవారు' అని రాసి, పక్కన జాగా ఖాళీగా వదిలి, ఆ సీసాను కిటికీ గట్టు మీద పెట్టేవారు. చేసినవాడు తనంతట తాను వచ్చి పేరు రాసేదాకా అది అక్కడే. వారమైనా, నెలైనా. ఎవరూ ముట్టేవారు కాదు. పేరు పడిన రోజు సారు వచ్చి, చదివి, "ఇగ దీనికి దిక్కున్నది" అని తన చేత్తో తీసి బీరువాలో పెట్టేవారు. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు.

తొమ్మిదో తరగతిలో నేను పదకొండు రోజులు మొండికేశాను. పన్నెండో రోజు రాసి, కోపంగా అడిగాను. "పేరు రాస్తే ఏమన్న ఇనాము ఇస్తరా సార్?"

"పేరు మెచ్చుకునేటందుకు గాదు బేటా" అన్నారు. "రేపు ఎవరన్న అడుగుతే జవాబు చెప్పేటందుకు."

పీయూసీ తప్పి సైకిల్ షాపులో కూర్చున్నాక కూడా ఆదివారం సాయంత్రాలు సారు ఇంటికి పోయేవాణ్ని. అప్పటికి నేను దొరికిన కరపత్రమల్లా చదివి, చదివినదల్లా నమ్మి, నమ్మినదాని కోసం ఎవరితోనైనా కొట్లాడే స్థితిలో ఉన్నాను. గడపలో అడుగు పెట్టగానే సారు, "ఏం కామ్రేడ్ సాబ్, ఇయ్యాల ఎవర్ని గద్దె దింపినవ్?" అనేవారు. సారు భార్యను మేమందరం ఖాలా అనేవాళ్లం. ఆమె లోపలినుంచి, "ముందుగాల చాయ్ తాగనియ్యిండ్రి, ఇంక్విలాబ్ తర్వాత చేస్తడు" అనేది.

అట్లాంటి ఒక సాయంత్రమే సారు తన పాత కథ చెప్పారు. బడికి రాకముందు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో తొమ్మిదేళ్లు పనిచేశారు. నేలవేము ఆకును స్పిరిట్లో మరిగించడం, వడగట్టడం, మళ్లీ మరిగించడం, దాని చేదు మూలం పలుకులు కట్టేదాకా. తర్వాత ఆ మూలాన్ని రవ్వంత రవ్వంత మార్చి, జ్వరం తెప్పించిన ఎలుకలకు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడికి పోయి ఏం చేస్తుందో చూడడం. "చేదు వేరు, మందు వేరు బేటా. రెండూ ఒక్క ఆకుల్నే ఉంటయి. విడదీసేటందుకు నాకు తొమ్మిదేండ్లు పట్టింది. గదీ సగమే" అన్నారు.

"మరెందుకు వచ్చిండ్రు సార్?"

సారు ఎడమచెయ్యి చూపించారు. ఊళ్లో అందరికీ స్టవ్ పేలిందని చెప్పేవారు. అది స్టవ్ కాదు. ఒకరోజు స్పిరిట్ అనుకొని, ఆవిరికే భగ్గుమనే ఈథరును వేడి మీద పెట్టారు. పొద్దంతా అదే వాసనలో ఉన్న ముక్కుకు తేడా తెలియలేదు. ఆ తర్వాత వేళ్లు సన్నటి గాజు గొట్టాలను పట్టలేకపోయాయి.

"సీసా మీద పేరు లేకుండె" అన్నారు. చెయ్యి వెనక్కి తీసుకుంటూ, "నింపి పెట్టింది నేనే. పేరు రాయనిది గూడ నేనే."

ఈ మాట సారు నాకొక్కడికే చెప్పారు. దీన్ని నేనేం చేశానో ఇప్పుడు వినండి.

రెండేళ్ల కిందట రీడింగ్ రూములో పత్రిక తిరగేస్తుంటే ఒక ఫొటో కనబడింది. మందుల రసాయన శాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లకు వాళ్ల సంఘం ఇచ్చే బంగారు పతకం ఆ ఏడు నేలవేము పనికి వచ్చింది. పతకం మెడలో వేసుకున్నది సారు పనిచేసిన పరిశోధనశాల పెద్దాయన. వార్తలో సారు పేరు లేదు. నా ఒళ్లు మండింది. పత్రిక వార్త తప్ప ఆయన రాసిన పరిశోధన వ్యాసం నేను చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. అదేరోజు కూర్చుని రాశాను: "శ్రమ ఒకరిది, పతకం ఒకరికా? ఆకు చేదును తొమ్మిదేళ్లు వడగట్టిన చెయ్యి పెద్దల నిర్లక్ష్యానికి కాలిపోయింది!" ఆ సీసా నింపింది సారే అన్న సంగతి రాయలేదు. రాస్తే నా వాక్యంలో పదును పోతుంది. కింద 'న్యాయం కోరే యువజనులు' అని వేశాను. ఆ యువజనులు నేనొక్కణ్నే. నేను చదివిన కరపత్రాలన్నిటి కిందా అట్లాగే ఉండేది.

అచ్చు వేయించి ఊళ్లో పంచాను. రెండు కాపీలు హైదరాబాదులో ఆ సంఘానికి పోస్టు చేశాను.

నాలుగు రోజులకు సారు షాపుకు వచ్చారు. నిండుగా ఉన్న చక్రానికి గాలి కొట్టమన్నారు. నేను పంపు తగిలించి వంగాను. మెల్లగా, అన్నకు వినబడకుండా అడిగారు.

"నువ్వు రాసినవా బేటా?"

"నేను గాదు సార్."

తల ఎత్తలేదు. హ్యాండిల్ మీద ఆ కాలిన చెయ్యి నా కళ్ల ఎదుటే ఉంది. అది పరిశోధనశాలలో కాలిందన్న మాట సారు చెప్పింది నాకొక్కడికే అని మా ఇద్దరికీ తెలుసు.

"మంచిది" అన్నారు సారు. "ఇగ చాలు, ఆపు. ఎక్కువైతే పగుల్తది."

ఆదివారాలు పోవడం మానలేదు. మానితే ఒప్పుకున్నట్టవుతుందని. సారు కామ్రేడ్ సాబ్ అనడం మానలేదు, ఖాలా చాయ్ ఇవ్వడం మానలేదు. నేను మాత్రం కూర్చునే తావు మార్చాను. ఇదివరకు కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ని. ఇప్పుడు కిటికీకి వీపు పెట్టాను. వెలుగులో నా ముఖం సారుకు కనబడకూడదని. బడిలో ఒక పంతులు, "పతకం రాకపాయె, సాబ్‌కు కరపత్రమన్న వచ్చె" అని నవ్వాడని షాపులో నా ముందే చెప్పుకున్నారు. నేను ట్యూబుకు ప్యాచి అతికిస్తూ కూర్చున్నాను. ప్రపంచాన్ని మారుస్తానన్నవాణ్ని, రెండు మాటలు చెప్పలేకపోయాను. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ ఇంతదాకా వచ్చింది.

సారు సైకిలు బెల్లు ఒక్కసారే మోగించేవారు. ఇప్పటికీ షాపు ముందు బెల్లు ఒక్కసారి మోగితే తల ఎత్తుతున్నాను.

మూడోనాడు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక ఖాలా కబురు పెట్టింది. మూడు కాగితాలు నా ముందు పెట్టి, చదువుకోమంది. ఇంగ్లీషు ఉత్తరాలు. కూడబలుక్కుని చదివాను.

మొదటిది కరపత్రానికి ముందుది, పతకం వచ్చిన పెద్దాయన స్వయంగా రాసింది. తన వ్యాసంలో సారు పేరు చూశావా అని అడిగాడు. పతకం మీద ఒక్క పేరే పడుతుంది గనుక, ప్రయోగశాల బల్ల దగ్గర నిలబడి పనిచేసినవాళ్లకు సంఘం కొత్తగా ఒక పురస్కారం పెడుతోందని, దానికి మొట్టమొదట సారు పేరే పంపానని రాశాడు. రెండోది సంఘం రాసింది. ఈ కరపత్రం మీదేనా, కాకపోతే ఎవరిదో తెలపండి, అంతవరకు పురస్కారానికి మీ పేరును పక్కన పెడుతున్నాం అని. మూడోది సారు జవాబుకు కార్బన్ కాపీ. నాలుగు వాక్యాలు. కరపత్రం నేను రాయలేదు, రాయించలేదు. నా చెయ్యి కాలింది నా తప్పు వల్లనే. రాసినవారు ఎవరో నాకు తెలుసు. ఆ పేరు చెప్పవలసింది నేను కాదు.

తర్వాత హైదరాబాదు నుంచి ఇంకే ఉత్తరమూ రాలేదు.

"నేను మస్తు కొట్లాడిన" అంది ఖాలా. "పిలగాని పేరు చెప్పుండ్రి, మీ మీద మాట పోతది అన్న. ఆయన ఇంటేనా? వాడే వస్తడు, జర ఆగు అనిరి. నువ్వు వస్తుంటివి, చాయ్ తాగుతుంటివి, పోతుంటివి. నువ్వు గల్లీ మలిగినంక, ఇయ్యాల గూడ రాయలే అంటుండిరి."

"ఏం రాయలే ఖాలా?"

ఆమె నా వెనక్కి చూపించింది. నేను అలవాటుగా అప్పుడు కూడా కిటికీకి వీపు పెట్టే కూర్చున్నాను.

కిటికీ గట్టు మీద, పాత గాజు బిరడా కింద నా కరపత్రం ఉంది. ఎండకు పసుపుబారింది. 'న్యాయం కోరే యువజనులు' అన్న అక్షరాల కింద ఒక చీటీ అంటించి ఉంది. దాని మీద సారు చేతిరాత: 'చేసినవారు'. పక్కన జాగా ఖాళీ.

రెండేళ్లు అది నా వీపుకు మూరెడు దూరంలో ఉంది.

ఖాలా సారు పెన్ను ఇచ్చింది. వీరేశం అని రాశాను. తొమ్మిదో తరగతిలో రాసినట్టే వంకరగా వచ్చింది. రాసి పక్కకు జరిగాను. ఖాలా చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఇన్ని దినాలు ముట్టలేదు. ఇప్పుడెట్ల ముడ్త?"

నాకూ చెయ్యి రాలేదు. పేరు పడ్డాక ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. ఎవరు చేయాలో కూడా తెలుసు.

నిన్న ఆ గల్లీలోంచి పోతూ చూశాను. కిటికీ తెరిచే ఉంది. గాలికి కరపత్రం కొస లేచి, బిరడాకు తగిలి పడుతోంది. చీటీ నిండింది. అది ఇంకా గట్టు మీదే ఉంది.