రాకడ తేదీ, సెలవు వంతు

ప్రభువు మళ్ళీ వచ్చే రాకడకు తేదీ చెప్పేవాడిని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఆ దినం ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాక, ఫోన్ ముందు కూర్చున్న ఒక బోధకుడికి ఎలా తెలిసింది? సండే స్కూల్లో వాక్యం కంఠతా పట్టి పెరిగినవాణ్ణి నేను. షార్జా దగ్గర సజ్జాలో మా లేబర్ క్యాంపు గదిలో ఆదివారం సాయంత్రం చాపలు పరుచుకుని ప్రార్థన పెట్టుకుంటే, వాక్యం చెప్పే బాధ్యత కూడా నాదే. అందుకని ఇలాంటి కబుర్లు వచ్చినప్పుడు అందరికంటే ముందు అనుమానించాల్సింది నేనే అనుకునేవాణ్ణి.

కరోనా సర్దుకున్న తర్వాత ఒక వేసవిలో ఆ వీడియో మా గదికి వచ్చింది. తెచ్చింది నా కింది మంచంలో పడుకునే అన్న. సొంత అన్న కాదు, సంఘంలో అన్న. ఊరు బాపట్ల వైపు. పని పరంజా కట్టడం. పన్నెండో అంతస్తు బయట ఇనుప గొట్టం మీద నిలబడి తాపీగా టీ తాగే మనిషి. వీడియోలో బోధకుడు బోర్డు మీద లెక్కలు వేసి, జూన్‌లో ఫలానా ఆదివారం, యెరూషలేములో పొద్దు గుంకే వేళకు సంఘం ఎత్తబడుతుందని తేల్చాడు. అంటే నమ్మినవాళ్ళందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే మేఘాల్లోకి వెళ్ళిపోతారు. వీడియో చివర ఆగస్టులో జరిగే తన కూడికలకు అందరూ తప్పక రావాలని కూడా చెప్పాడు. జూన్‌లో ఎత్తబడేవాడికి ఆగస్టులో పందిరి ఎందుకని ప్రార్థనలో అడిగాను. ఎవరూ నవ్వలేదు. నా విశ్వాసం చల్లబడిందని ఇద్దరు ముగ్గురు చాటున అనుకున్నట్టు తర్వాత తెలిసింది.

అంతవరకైతే పోనీలే అనుకునేవాణ్ణి. కానీ అన్న తన సెలవు వంతు వదిలేశాడు.

మా కంపెనీలో పరంజా పనివాళ్ళలో ఒక్కసారికి ఒక్కరే ఇంటికి వెళ్ళాలి. ఎవరి తర్వాత ఎవరో ఆఫీసు గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. నాలుగేళ్ళుగా ఇంటి ముఖం చూడని అన్నకు ఆ జూలైలో వంతు వచ్చింది. ఆయన ఆఫీసుకు వెళ్ళి, తన పేరు కొట్టేసి, తన తర్వాత వంతులో ఉన్న జగిత్యాల తమ్ముడి పేరు రాయమన్నాడు. కారణం ఏమిటని క్లర్కు అడిగితే ప్రభువు వస్తున్నాడని చెప్పాడట. ఆ క్లర్కు కూడా విశ్వాసే, మలయాళీ. ప్రభువు వచ్చేలోపు ఈ ఫారం మీద సంతకం పెట్టు అని పెన్ను ఇచ్చాడట.

జగిత్యాల తమ్ముడు మా గదిలోనే ఉంటాడు. హిందువు, వేములవాడ రాజన్న భక్తుడు. అడగకుండానే వంతు దొరికితే వాడికీ అనుమానమే. ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, వంతు ఇచ్చినందుకు తనను బాప్తిస్మం తీసుకోమని అడుగుతారా అన్నాడు. లేదన్నాను. "మరి మీ దేవుడు నిజంగనే అస్తే నేను ఊర్ల దొర్కుతనా, గీడ్నే ఉండాల్నా?" అన్నాడు. వాడు ఆటపట్టిస్తున్నాడో నిజంగా అడుగుతున్నాడో నాకు తెలియలేదు.

ఆ వారంలోనే వదిన ఫోన్ చేసింది. వంతు సంగతి అన్నే చెప్పాడట. "తమ్ముడూ, వాక్యం చెప్పే నోటితో అబద్ధం చెప్పవని అడుగుతున్నా. మీ అన్నకు అక్కడ ఇంకో సంసారం ఏమన్నా ఉందా?" అంది.

లేదమ్మా అన్నాను కానీ, ఫోన్ పెట్టేశాక ఆ మాట నాలో నాటుకుంది. లెక్క చూసుకుంటే, అన్న ఇంటికి వెళ్ళకపోవడానికి ప్రతిసారీ ఒక కారణం ఉంది. మొదటి ఏడాది కరోనా, అది అందరికీ ఉంది. రెండో ఏడాది టీకా అంటే అంత్యదినాల్లో సాతాను వేసే మృగం ముద్ర అన్నాడు. టీకా లేకపోతే విమానం ఎక్కనివ్వరు కాబట్టి ఆగిపోయాడు. తర్వాత కంపెనీ పట్టుకెళ్ళి వేయిస్తే మాట్లాడకుండా వేయించుకున్నాడు. మూడో ఏడాది ఇరవై ఒక్క రోజుల ఉపవాసం సరిగ్గా సెలవు నెలలోనే పడింది. ఇప్పుడు లోకాంతం. పైగా రెండు వారాలకొకసారి ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కనున్న అజ్మాన్ పట్నానికి వెళ్ళేవాడు. జబ్బుపడ్డ సహోదరుణ్ణి పరామర్శించడానికట. ఆ సహోదరుడి కోసం నేను నెలల తరబడి ప్రార్థించాను. పేరు అడిగితే మాత్రం, పేరు దేవుడికి తెలుసు కదా తమ్ముడూ అనేవాడు.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు గదిలో వంట వంతు అన్నది. ఆయన స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, పొయ్యి వంక చూడకుండా చాప మీద కూర్చున్నాడు. తినడానికి ఎవరుంటారని ఆయన ధైర్యం. జగిత్యాల తమ్ముడు మాత్రం, మీరందరు పోతే నాకొక్కనికన్న అన్నం పెట్టి పోవాలె గద అని గొణిగాడు.

మా దగ్గర ఏడుంబావుకే పొద్దు గుంకింది. ఏమీ జరగలేదు. యెరూషలేము గడియారం మాకంటే గంట వెనక అని, అక్కడ పొద్దు కూడా ఆలస్యంగా గుంకుతుందని ఒకతను ఫోన్‌లో చూసి చెప్పాడు. అందరూ మళ్ళీ మోకాళ్ళూనారు. నేనూ ఊనాను. నమ్మలేదని చెప్పాను కదా, అయినా ఆ గంటన్నరలో రెండుసార్లు కళ్ళు తెరిచి ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టుకున్నాను. నేనొక్కణ్ణే మిగిలిపోతానేమోనన్న భయం ఎక్కడో ఉంది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఎనిమిదీ ముప్పావు దాటింది. తొమ్మిది దాటింది. ఎవరూ ముందుగా లేవడానికి ఇష్టపడలేదు. చివరికి జగిత్యాల తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, ఎవరినీ నొప్పించకుండా మెల్లగా, "అన్నా, బియ్యం కడుగాల్నా?" అని అడిగాడు.

అన్న లేచి, తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అదే అందరూ తిన్నారు. మర్నాడు బోధకుడు ఇంకో వీడియో పెట్టాడు. ఎత్తబడడం ఆత్మలో జరిగిపోయిందట, కళ్ళకు కనబడదట. వీడియో కింద ఎవరూ కామెంట్లు రాయకుండా ఆపేశాడు. ఆగస్టు కూడికలు మాత్రం యథాతథం.

తర్వాతి ఆదివారం మిద్దె మీద బట్టలు ఉతుక్కుంటున్నాం, అన్నా నేనూ. మా క్యాంపు మీదుగా షార్జా విమానాశ్రయంలో దిగే విమానాలు కిందుగా వెళ్తాయి. ఏది వెళ్ళినా అందరూ తలెత్తి, ఇది హైదరాబాదుది, ఇది కొచ్చిది అని పందెం వేసుకుంటారు. ఆ పూట ఒకటి వెళ్తుంటే అన్న తల దించుకుని బకెట్‌లో నీళ్ళు చూస్తున్నాడు. అది దాటిపోయేదాకా తలెత్తలేదు.

అజ్మాన్‌లో ఎవరున్నారో చెప్పమని సూటిగా అడిగాను. వదిన ఏమని అనుమానిస్తోందో కూడా చెప్పాను. ఆ మాటకు అన్న ముఖం పాలిపోయింది. పిండుతున్న చొక్కా బకెట్‌లో వదిలేశాడు.

"ఎవరూ లేరు తమ్ముడూ. అక్కడి ఓడరేవుకి పోతా. మన దేశానికి మనుషుల్ని ఎక్కించుకునే ఓడ ఏదన్నా ఉందా అని అడుగుతా. సరుకు ఓడలే అంటారు."

నాలుగేళ్ళ కిందట ఇక్కడికి వచ్చేటప్పుడు ఆయన ఎక్కిన విమానం సముద్రం మీద చాలాసేపు ఊగిందట. సీట్లలో అందరూ కేకలు పెట్టారట. మళ్ళీ అది ఎక్కలేనని ఆ రోజే తెలిసిందట. పరంజా పనివాడు విమానానికి భయపడతాడంటే క్యాంపులో బతకనిస్తారా అని ఎవరికీ చెప్పలేదు. ఆ తేదీ విన్నప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చిందన్నాడు. విమానం అక్కర్లేకుండానే భార్యను పైనే కలుసుకోవచ్చు కదా అనుకున్నాడు.

నాకు నవ్వాగలేదు, కోపమూ ఆగలేదు. "మేఘాల్లోకి ఎత్తబడడానికి లేని భయం విమానానికి ఎందుకన్నా?" అన్నాను.

"అక్కడ ఎత్తేది దేవుడు. పరంజా అంటావా, అది నేను కట్టుకున్నది. విమానం ఎవడు కట్టాడో, ఎవడు తోలుతున్నాడో నాకేం తెలుసు?" అన్నాడు.

వదినకు నిజం చెప్పొద్దని మాట తీసుకున్నాడు. జగిత్యాల తమ్ముడికి మాత్రం చెప్పక తప్పలేదు. వంతు వెనక్కి కావాలి కదా. వాడు ఇస్తాడని నాకు నమ్మకం లేదు. అప్పటికే సంచి సర్దుకున్నాడు. విని ముందు గోడకు ఆనుకుని నవ్వాడు.

"మూడు నెలల సంది మబ్బులల్లకు పోతా, మబ్బులల్లకు పోతా అంటివి గదనే. మబ్బులంటెనే భయమైతదా నీకు?" అని అన్న భుజం మీద చెయ్యేశాడు. తర్వాత, తను దసరాకు పోతానని, అన్న తిరిగొచ్చాక నెల రోజులు తన వంట వంతు కూడా అన్నే చెయ్యాలని షరతు పెట్టాడు. వెంటనే ఒప్పుకున్నాం, వాడు మనసు మార్చుకోకముందే ఆఫీసుకు వెళ్ళి మళ్ళీ కాగితం మార్పించాం. ఈసారి క్లర్కు కారణం అడగలేదు.

నాది స్టోరు పని, వాళ్ళ వంతులతో సంబంధం లేదు. నా సెలవు కూడా ముందుకు జరుపుకుని ఆయన పక్క సీటు తీసుకున్నాను. ఒంటరిగా పంపితే విమానాశ్రయం నుంచి తిరిగి వచ్చేస్తాడని నా అనుమానం. షార్జా నుంచి విజయవాడ. చక్రాలు నేల వదిలినప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు, ఆ గుర్తులు రెండు రోజులున్నాయి. దారిలో ఒకచోట విమానం నాలుగైదు సార్లు ఊగింది. అన్న కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఏమంటున్నాడో చెవి ఒగ్గి విన్నాను.

"ప్రభువా, ఇప్పుడు మాత్రం రావద్దయ్యా. ఆమె బయట నిలబడి ఉంటది."

వదిన నిజంగానే గేటు బయట కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. అన్న చెమటతో తడిసిపోయి, నా భుజం ఆసరాతో వచ్చాడు. ఆమె ఆయన్ను కింది నుంచి పైకి చూసింది. ఏడవలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"నాలుగేళ్ళు రానివాడు ఇప్పుడెట్టా వచ్చాడు తమ్ముడూ?"

మాట ఇచ్చాను కాబట్టి నిజం చెప్పకూడదు. వాక్యం చెప్పే నోటితో అబద్ధమూ ఆడకూడదు. ప్రభువు రావడం ఆలస్యమైందమ్మా, అందుకని అన్నే వచ్చాడు అన్నాను.

ఆమె ఒక్క ముక్క నమ్మలేదు. అన్న చేతిలో సంచి లాక్కుని, ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుని, వెనక్కి తిరిగి నన్నొకసారి, ఆయన్నొకసారి చూసుకుంటూ ఆటో వైపు నడిచింది.