చెరువు వైపు ఆడిన అన్న

నా చిన్నప్పుడు మా శామీర్‌పేటలో ఫుట్‌బాల్ ఎప్పుడు మొదలుకావాలో, ఎప్పుడు ఆగాలో చెరువే చెప్పేది. చలి తగ్గి ఎండ ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి జరిగేవి. జరిగిన మేర ఒండ్రునేల బయటపడి, నాలుగు ఎండలు తగలగానే గట్టిపడేది. అందులో కొంత దోసపాదులకు పోగా మిగిలిందంతా ఆటగాళ్లది. అటు రెండు, ఇటు రెండు వెదురు బొంగులు పాతితే గోల్‌పోస్టులు. మళ్ళీ వానలు కురిసి, నీళ్లొచ్చి ఆ బొంగుల మొదళ్లు తడిపేదాకా మా సీజను. ఇప్పుడు టీవీలో సీజను అన్న మాట వినగానే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ఎండిన బురద వాసనే.

ఆ నేలకొక గుణం ఉండేది. చూపుకు చదునుగానే ఉన్నా నీళ్ల వైపు వాలి ఉండేది. మైదానానికి ఒక పొడుగు వైపు ఊరు, ఇంకో పొడుగు వైపు చెరువు. మేమంతా ఊరి వైపు ఒడ్డున కూర్చుని చూసేవాళ్లం. ఎవరి కాలి నుంచి తప్పినా సరే, బంతి మెల్లగా చెరువు దారి పట్టేది. అలియాబాద్ నుంచో మేడ్చల్ నుంచో ఆడటానికి వచ్చిన జట్లు మమ్మల్ని తిట్టే ముందు ఆ వాలును తిట్టేవి.

మా జట్టును నడిపేది మా తాత. వయసులో ఉన్నప్పుడు పట్నం పక్కన దండు ఉండే లష్కర్‌లో సిపాయిల బ్యారకుల దగ్గర పనిచేస్తూ, సాయంత్రాలు వాళ్లతో ఆడి ఆట నేర్చుకున్నాడట. గోల్స్ కొట్టేది మా చిన్నాయిన, అంటే మా నాయిన తమ్ముడు. ఆ గోల్స్ లెక్క మాత్రం నాది. బడిలో కూడికలు కొత్తగా వచ్చి, కంటికి కనిపించిందల్లా లెక్కపెట్టే వయసు నాది. మా పశువుల కొట్టం గోడ మీద ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస ఇచ్చి, గోల్ పడినప్పుడల్లా సున్నంలో వేలు ముంచి ఒక బొట్టు పెట్టేదాన్ని. చిన్నాయిన వరస ఆ ఏడు కిటికీ దాటి, మూల తిరిగి, పక్క గోడ ఎక్కింది.

చిన్నాయిన గోల్ కొట్టాడంటే చేతులు రెండూ చాపి ఒడ్డు పొడుగునా పరుగెత్తేవాడు. దోసకాయలు కోసే ఆడవాళ్లు గంపలు దించి మరీ నవ్వేవాళ్లు. ఇంటికి రాగానే నా చేతిలో పల్లీపట్టీ పెట్టి, "బొట్టు వెట్టినవా బిడ్డా? జర పెద్దగ వెట్టు" అనేవాడు. ఊళ్లో ఏ పిల్లను అడిగినా మా జట్టులో మొనగాడు ఆయనే. నా గోడా అదే మాట చెప్పేది, జనం కళ్లూ అదే మాట చెప్పేవి.

మా పక్కింటి అన్న వరసలో ఉన్నది ఒకే ఒక్క బొట్టు. అది కూడా ఎవరో కొట్టిన బంతి ఆయన వీపుకు తగిలి లోపలికి దొర్లితే పెట్టింది. ఆయన ఎప్పుడూ చెరువు వైపే ఆడేవాడు. సగం ఆటయ్యాక జట్లు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారినా ఆయన మాత్రం మళ్ళీ నీళ్ల అంచుకే వచ్చి నిలబడేవాడు. పోరగాళ్లు ఆయనకు చెరువు కావలోడు అని పేరు పెట్టారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. గోల్ కొట్టని వాడికి కోపం తెచ్చుకునే హక్కు కూడా లేదనుకున్నాడో ఏమో.

ఇక్కడ మా అవ్వ ఆముదం గురించి చెప్పాలి. అప్పటివి తోలు బంతులు, మధ్యలో తాడుతో బిగించేవి. నీళ్లలో పడితే తోలు నీళ్లు తాగేసి బంతి గుండులా బరువెక్కేది. పక్క ఊళ్ల బంతులు అలా ఎన్నో పాడయ్యాయి. మా బంతి మాత్రం ఆట మొదలైనప్పుడు ఎంత తేలిగ్గా ఉండేదో ముగిసేటప్పుడూ అంతే తేలిగ్గా ఉండేది. ఆటకు ముందు మా అవ్వ స్వయంగా వండి తీసిన ఆముదం ఆ బంతికి పట్టించేవాళ్లం కాబట్టి, ఆ గొప్పంతా ఆముదానిదే అని ఊరంతా నమ్మింది. అలియాబాద్ జట్టువాళ్లు ఒకసారి సీసా తెచ్చుకుని ఆముదం అడిగి పట్టుకుపోయారు కూడా. అవ్వ ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఆ సీజను చివర్లో పట్నం నుంచి కబురొచ్చింది. అక్కడొక కార్ఖానాకు సొంత జట్టు ఉండేది. వాళ్ల ఆట చూసుకునే ఆయన మా తాతకు పాత దోస్తు. మీ ఊరి నుంచి ఒక్కణ్ణి పంపు, మాకు పనికొస్తే జట్టులో ఆట, కార్ఖానాలో కొలువు రెండూ ఇస్తాం అని ఆ కబురు. పంపాల్సింది ఒక్కణ్ణే. ఎవరన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. చిన్నాయిన కొత్త అంగీకి బట్ట కొలిపించాడు. అవ్వ సకినాలకు బియ్యం నానబోసింది. నేను ఆయన వరస మరోసారి లెక్కపెట్టి, ఆ అంకె చిన్నాయినకు మంత్రంలా నేర్పాను, పట్నంలో అడిగితే తడుముకోకుండా చెప్పాలని.

పక్కింటి అన్న మాత్రం ఒక సాయంత్రం మా తాత దగ్గరికొచ్చి కూర్చుని, "పట్నంల గడ్డి మీద ఆడుతరట గద తాతా. కాళ్లకెట్లుంటది?" అని అడిగాడు. తాత చెప్పాడు. అన్న విని, తల ఊపి, మెల్లగా లేచి వెళ్లిపోయాడు. నన్ను కూడా పంపుతారా అని నోటితో అడగలేదు గానీ ఆ వెళ్లడంలోనే అడిగినట్టు నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ వయసులో నాకు తోచింది ఒక్కటే, ఒక్క బొట్టు వాడికి గడ్డి సంగతి ఎందుకని.

ఆ మర్నాడు తాత కొట్టం గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను గర్వంగా పక్కన నిలబడ్డాను. "గోడ మంచిగనే సెప్తాంది బిడ్డా. గని గోడకు చెరువు గనవడదు గద" అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తాత ఇరకాటం కూడా అప్పుడు తెలియలేదు. ఒక పక్క సొంత కొడుకు, ఇంకో పక్క పక్కింటి పిల్లవాడు. కొడుకును కాదంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అవునంటే ఆయన కంటికి కనిపించిన ఆట ఆయన్ను నిద్రపోనివ్వదు. నోటితో చెబితే కొడుకు నమ్మడు, ఊరు అసలే నమ్మదు. అందుకే మా తాత ఏమీ చెప్పలేదు.

ఆదివారం ఉత్తుత్తి ఆట పెట్టాడు. మా జట్టునే రెండుగా చీల్చాడు. చిన్నాయినను పిలిచి, "పట్నం బోయేటోనివి, నీ చేత్తోనే వట్టియ్" అని ఆముదం గిన్నె చేతికిచ్చాడు. చిన్నాయిన తోలు నల్లబడేదాకా పట్టించాడు. అంతా బరిలోకి దిగుతుంటే తాత పక్కింటి అన్నను ఆపి, "నీ కాలు బెణికినట్టుంది, గా పిల్ల పక్కన కూసో" అన్నాడు. అన్న తన కాళ్లు రెండూ వంతులవారీగా చూసుకున్నాడు. బెణుకేమీ లేదు. కానీ తాత మాట కాదనలేక వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే బంతి చెరువులో పడింది. అంతా నవ్వారు. కొట్టినవాడే పోయి తేవాలన్నది మా ఊరి రివాజు, వాడు మోకాళ్ల లోతు దిగి తెచ్చాడు. మళ్ళీ పడింది. మళ్ళీ తెచ్చారు. ఆ తర్వాత ఎవరు ఎటు తన్నినా ఆ బంతి తిన్నగా పుట్టింటికి పోతున్నట్టు చెరువులోకే పోయింది. ఆముదం పట్టించిన తోలే, కానీ నీళ్లు తాగడంలో ఏ మొహమాటమూ పడలేదు. మొదట టప్పుమని మోగే బంతి కాసేపటికి థప్పుమంది, ఆ తర్వాత చప్పుడు చేయడమే మానేసింది.

చిన్నాయిన గోల్‌కు ఎదురుగా నిలబడి బలమంతా పెట్టి ఒకటి కొట్టాడు. బంతి నాలుగడుగులు దొర్లి, పేడముద్దలా అక్కడే కూర్చుండిపోయింది. ఇంకోసారి పైనుంచి వచ్చిన బంతిని ఎప్పటిలాగే తలతో ఆడబోయి, రెండు చేతులతో తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "గిది బంతినా, బండనా?" అని అరిచాడు. దోసపాదుల్లో ఆడవాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. మా అవ్వ మాత్రం గిన్నెలో మిగిలిన ఆముదం వాసన చూస్తూ, ఎక్కడ తేడా వచ్చిందా అని పరేషాన్ అయింది.

ఆ గోలలో నేను బంతి మీది నుంచి చూపు తిప్పి, నా పక్కన కూర్చున్న అన్న కాళ్లకేసి చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను, బహుశా ఆ కాళ్లు కదులుతున్నాయని. బంతి ఇంకా ఊరి వైపే ఉన్నప్పుడు ఆయన మడమ లేచేది. తన్నేవాడు కాలు ఎత్తకముందే అన్న ముందుకు వంగేవాడు. ఆయన ఎటు వంగితే బంతి సరిగ్గా అటే వచ్చి నీళ్లలో పడేది. కూర్చున్న చోటి నుంచే ఆయన ఆ బంతులన్నీ ఆపుతున్నాడు. కూర్చుని ఉండటం వల్ల ఒక్కటీ ఆగడం లేదు. సీజనంతా మా బంతి తేలిగ్గా ఉండటానికి కారణం ఎవరో ఆ క్షణంలో తెలిసింది. తల ఎత్తి చూస్తే తాత ఆట చూడటం లేదు, నన్ను చూసి మీసాల్లో నవ్వుతున్నాడు.

సగం ఆటయ్యాక తాత ఇంటి నుంచి ఇంకో పొడి బంతి తెప్పించాడు. దానికి ఆముదం చుక్క కూడా అంటనివ్వలేదు. అన్న దగ్గరికొచ్చి, "ఇగ కాలు నయమైందా? నడువ్" అన్నాడు. అన్న చిన్నాయిన జట్టులో, నీళ్ల అంచున నిలబడ్డాడు. ఆ సగం ఆటలో గోల్స్ ఎటు పడ్డాయో నాకు తెలియదు, నేను ఆయన్ను తప్ప ఎవరినీ చూడలేదు. పెద్దగా పరుగెత్తేవాడు కాదు. రెండడుగులు వేసేవాడు, అంతే, బంతి ఆయన దగ్గరికొచ్చేది. పాదం పక్కతో లోపలికి తోస్తే అది వాలుకు ఎదురెక్కి చిన్నాయిన కాలి ముందుకు పోయి ఆగేది. చెరువు ఆ పూట బంతి మొహం చూడలేదు.

ఆట ముగిశాక చిన్నాయిన ఒడ్డు పొడుగునా పరుగెత్తలేదు. బొప్పి కట్టిన నుదురు రుద్దుకుంటూ తాత ముందుకొచ్చి నిలబడ్డాడు. అంతా చుట్టూ మూగారు. ఆయన ముఖం చిన్నబోయి ఉంది. పట్నం వెళ్లాలని ఆయనకూ ప్రాణం కొట్టుకుంటోందని అందరికీ తెలుసు. కాసేపు అన్నను, కాసేపు తాతను చూసి చివరికి ఫక్కున నవ్వేశాడు. "గీన్నే పట్నం తోలు నాయినా. నేను బోతె గాడ గీడు ఉండడు. నాకు బంతి ఎవడిస్తడు, నీ అయ్యనా?" అన్నాడు. తండ్రితో అనే మాటేనా అది! తాత ముందు నవ్వాడు, తర్వాత కొడుకును దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. పక్కింటి అన్న మాత్రం నమ్మలేక తన కాళ్లకేసే చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. నాకూ తిరిగాయి.

సకినాల మూట అన్న భుజానికెక్కింది. "నా ఆముదానికున్న పేరు గూడ గంగల గలిపిండు" అని అవ్వ సణుగుతూనే ఇంకో నాలుగు ఎక్కువ కట్టింది. కుట్టించిన కొత్త అంగీ చిన్నాయినే ఆయనకు తొడిగాడు, చేతులు కాస్త పొడుగైనా. పట్నంలో మైదానం పక్కన చెరువు లేదు కదా, మరి ఏం కాస్తాడు అని నేను దిగులుపడ్డాను. వానలు మొదలయ్యాక అన్న బూట్లు చేతిలో పట్టుకుని ఊరికి వచ్చాడు. నీళ్లు లేకున్నా ఆ పక్క నుంచి ఒక్క బంతిని బయటికి పోనివ్వడం తన వల్ల కాలేదని, కార్ఖానా వాళ్లు దానికే ఖుషీ అయ్యారని చెప్పాడు. కొలువు ఇచ్చారు.

మరుసటి సీజనులో చిన్నాయిన వరస కిటికీ దాకా కూడా రాలేదు. అదీ నా గోడే చెప్పింది. అందుకే లెక్కలంటే నాకు ఎప్పుడూ చిన్నచూపు కలగలేదు. లెక్క అబద్ధమాడదు, మనం అడిగిన దానికే జవాబిస్తుంది. ఏం అడగాలో మాత్రం కన్ను చెప్పాలి. కన్ను కూడా సందడి ఉన్న చోటికే పరుగెత్తే రకం, దాన్ని కాస్త చెవి మెలిపెట్టి పక్కకు తిప్పాలి. ఆ ఏడు నేను బట్టలకు పెట్టే నీలిమందుతో గోడ మీద ఇంకో వరస మొదలుపెట్టాను, బంతి చెరువులో పడిన ప్రతిసారీ ఒక నీలి బొట్టు. ఆ వరస చూసి తాత నన్ను ఎత్తుకుని ఊరంతా తిప్పాడు.

పెద్దయ్యాక లెక్కల టీచరునయ్యాను. ఏళ్ల తరబడి ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చాను. కార్డుతో పాటు, అందులో గడి లేని సంగతి ఒక్కటైనా తల్లిదండ్రులకు చెప్పకుండా ఏ పిల్లనూ పంపలేదు. ఇప్పుడు తూంకుంటలో మా కాలనీ పిల్లలు లైట్ల కింద, నకిలీ గడ్డి మీద ఆడతారు. ఎవరు ఎన్ని పాసులిచ్చారో, ఎంత దూరం పరుగెత్తారో తండ్రులు ఫోన్లలో చూసుకుంటారు. నాకు ముచ్చటగానే ఉంటుంది, నా సున్నం బొట్లు ఎంత ఎదిగాయో అని. మా మనవరాలు మాత్రం ఆట ఆపి మరీ అరుస్తుంది, "అవ్వా, గోల్ అటు వడ్డది, నువ్వు గిటు జూస్తవేంది?" అని.

మొన్న అలా గిటు చూస్తున్నప్పుడే ఒక పిల్లవాడు కనిపించాడు. ఎదుటి జట్టువాడు ఎవడు బంతి తీసుకున్నా వీడు ఒక్క అడుగు ముందుగా అక్కడుంటున్నాడు. ఆట ముగిశాక వాడి తల్లి దగ్గరికి వెళ్లాను. గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చి మా ఇళ్ల వరసలోనే దిగారు. మీవాడు ఈ పూట ఏం చేశాడో చెప్పనా అన్నాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "మావాడాండీ? ఈ సీజనంతా ఒక్క గోలూ లేదండీ, రేపట్నుంచి మానేస్తానని పొద్దున్నే ఏడ్చాడండీ" అంది. నేను చూసిందంతా వరసగా చెప్పాను. ఆమె విని, కొంగుతో ముఖం తుడుచుకుని, గేటు దగ్గర బూట్ల తాళ్లు విప్పుతున్న కొడుకును కేకేసింది. "ఒరేయ్, ఇలా రా! మామ్మగారు ఏం చెబుతున్నారో విను." వాడు ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో కుంటుతూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.